గోడలో తలుపు

అహ్మదాబాద్ పాతబస్తీ ఇరుకు వీధిలో, అరుగు మీద కూర్చున్న, వీధంతా 'బా' అంటే అమ్మ అని పిలిచే ముసలావిడ టూరిస్టుల వెనకే పోతున్న గైడును ఆపింది.

"వాళ్ళని ముందుకి పోనీ. నువ్విలా రా."

"త్వరగా చెప్పు బా, నాకోసం చూస్తుంటారు."

"వీధి చివర గోడలో తలుపు వీళ్ళకీ చూపించావా?"

"రోజూ చూపిస్తాను. పక్క వీధిలోకి దొంగదారి అనగానే నోళ్ళు వెళ్ళబెడతారు."

"ఆనాటి మత గొడవల్లో మీ అమ్మ నిన్ను కొంగులో చుట్టుకుని అందులోంచే పరుగెత్తింది. తలుపు తీసింది నేను."

"అదీ చెప్తాను బా. కొందరు ఏడుస్తారు కూడా."

"సిగ్గులేనోడా! మళ్ళీ గొడవలొస్తే మేమెటు పోవాలి? ఊరందరికీ తెలిసిన దారినా?"

"ఎప్పటి మాటో అది! వీళ్ళు ఫోటోలు తీసుకుని పోయేవాళ్ళు."

"అందరూ తీసుకున్నారు. ఆ నీలం చొక్కావాడు మాత్రం తీసుకోలేదు. తలుపు అవతలి నుంచి కూడా తెరుచుకుంటుందా అని ఆరా తీశాడు. ఇక్కడిదాకా వినబడింది."

"ఊరికే అడిగుంటాడు."

"నువ్వేం చెప్పావు?"

"వాళ్ళు దూరం పోతున్నారు బా, నేను వెళ్ళాలి."

"నిన్నేరా, ఏం చెప్పావు?"

"గొళ్ళెం ఎప్పుడో ఊడిపోయింది, తోస్తే చాలన్నాను బా."