ఓటర్లను తోలిన బండి

"నాయనమ్మా, ఎలక్షన్లో ఇంతకు మించి ఖర్చు పెట్టకూడదని మీ కాలంలో కూడా ఉందా?"

ఎందుకు లేదే, తెల్లోడి హయాంలోనే ఉంది. ఆ రూలుతోనే గదా మేం ఊరొదిలింది. అప్పుడు మీ నాయన నా కడుపులో... కాదు కాదు, మీ పెద్దత్త. నర్సరావుపేట పక్కనుండేవోళ్లం. మీ తాత పత్తి బండి చిలకలూరిపేట మిల్లుకు తోలేవోడు. ఆ ఎద్దులు చూడాల్సిందే నువ్వు, సరే అదొదిలెయ్.

ఆ మిల్లు షావుకారు తన బావమరిదిని నిలబెట్టాడు. అప్పుడు అందరికీ ఓటు యాడిదీ, పన్ను కట్టేవోళ్లకీ, చదువుకున్నోళ్లకీ. వాళ్లని బండ్లలో తోలమంటే మీ తాతతో పాటు చానామంది తోలారు. బాడుగ షావుకారే ఇచ్చాడు. బావమరిది గెలిచాడు.

ఓడినాయన ఊరుకోలా, కోర్టుకెక్కాడు. ఖర్చు ఎవరు పెట్టినా నిలబడ్డోడి లెక్కలోకే రావాలంట, దానికో హద్దుందంట. బండ్ల బాడుగ దాచాడని దావా. సాక్షం చెప్పమని మీ తాతకు సమన్లొచ్చినయ్.

షావుకారు గుమాస్తా వచ్చి అరుగు మీద కూర్చున్నాడు. కేకలేం లేవు. మజ్జిగ తాగి, "అభిమానం కొద్దీ ఊరికే తోలానని చెప్పు. లేకపోతే మిల్లు గేటు మర్చిపో" అన్నాడు.

ఆయన పోయినాక నేను మీ తాతని బతిమాలా. పెద్దోళ్ల గొడవ మనకెందుకయ్యా, ఆయన చెప్పమన్నట్టే చెప్పు అని. మీ తాత ఇరుసుకు కందెన పూస్తా ఉన్నాడు.

"కోర్టులో బైబిలు మీద చెయ్యి పెట్టించి ఒట్టేయిస్తారే" అన్నాడు. అంతే.

గుంటూరు రైలెక్కి పోయాడు. కుక్క మొరిగితే గడ్డివామికి నిప్పు పెట్టారేమోనని బయటికి పరిగెత్తేదాన్ని, ఆ కడుపుతోనే. మా అత్త మోకాళ్ల మీద ప్రార్థన. మర్నాడు పొద్దుగూకేటప్పుడొచ్చాడు. కాళ్లు కడుక్కునిందాకా ఆగి అడిగా.

"ఉన్నదే చెప్పా" అన్నాడు.

కోర్టు ఆ గెలుపు కొట్టేసింది. గుమాస్తా అన్నంత పనీ చేశాడు, ఒక్క బోరెం పత్తి కూడా మా బండికి ఎత్తనీలా. మళ్లీ ఓట్లు పెట్టారు. ఈసారి రెండు పక్షాలోళ్లూ బండ్ల జోలికి రాలా. మోతుబరులంతా పంచెలు ఎగ్గట్టుకోని ఎండన పడి ఓటెయ్యటానికి నడిచిపోతుంటే, అరుగు మీద కూర్చుని మీ తాత నవ్వాడు. ఎన్నాళ్లకో చూశా ఆ నవ్వు.

నవ్వితే కూడొస్తదా ఏంది. మాచెర్ల పోయాం, నాపరాళ్లు తోలటానికి. పత్తెక్కడ, రాయెక్కడ. ఎద్దుల మెడలు పుండ్లుపడితే మీ తాత పసుపూ నూనే రాస్తా వాటితో మాట్లాడేవోడు, నాతో కంటే ఎక్కువ. మీ పెద్దత్త అక్కడే పుట్టింది. బతికాంలే.

భయం మటుకు నాకు పోలా తల్లీ. ఇప్పటికీ తెలియనోళ్లు వాకిట్లో నిలబడి ఇంటిపేరు అడిగితే తలుపు గడియ పెట్టుకుంటా. నువ్వు చల్లగుండు. నిజం చెప్పాల్సొస్తే మీ తాత లాగానే చెప్పు. కాకపోతే... క్షేమంగా ఇంటికొచ్చిందాకా నాకు చెప్పబాక.