అక్క రాసిన ఉత్తరం

సముద్రపు చేపల పరిశోధన కేంద్రంలో అక్క ఉద్యోగానికి ఆ రోజే ఆఖరు. సిద్ధాంత భౌతికశాస్త్రం చెప్పే తమ్ముడు వచ్చి, ఆమె పక్కనే తొట్టి గట్టుమీద కూర్చున్నాడు.

"అక్కా, మనిద్దరం మొట్టమొదట గుడ్లు పొదిగించింది ఈ తొట్టిలోనే కదూ?"

"ఇందులోనే. మేత వెయ్యరా అంటే గోడ నిండా లెక్కలు రాసేవాడివి."

"ఫిజిక్స్ చదవడానికి వెళ్లేరోజు ఆ చేపపిల్లల్ని వదల్లేక ఏడ్చాను. అన్నీ బాగున్నాయని నువ్వు ఉత్తరం రాశాకే మనసు కుదుటపడింది."

"అవి బతకలేదురా. నువ్వు రైలెక్కిన మర్నాడే అన్నీ చచ్చి తేలాయి."

"మరి అలా ఎందుకు రాశావు?"

"నిజం రాస్తే చదువు మానేసి వచ్చేసేవాడివి."



"వచ్చేసేవాణ్ణే. వాటన్నిటినీ ఒక్కదానివే ఏరావా, అక్కా?"

"రెండ్రోజులు పట్టింది."