వంద క్యాలరీల జాకెట్

“నేను వెళ్లింది ఒక్క జాకెట్ ఎంచడానికి. పెద్ద విషయమేం కాదు,” అని మొదలుపెట్టాడు ఉదయభాస్కర్.

అతను అలా అన్నాడంటే విషయం చాలా పెద్దదవబోతోందని న్యూజిలాండ్‌లో, ఆక్లాండ్ నగరంలోని మౌంట్ ఆల్బర్ట్‌లో తెలుగువాళ్లందరికీ తెలుసు.

రెండువేల ఎనిమిది ఆగస్టు, ఆదివారం మధ్యాహ్నం. రాజారావు ఇంటి వెనక చెక్క డెక్ మీద భోజనాలయ్యాయి. పైన రేకు మీద సన్నగా వాన పడుతోంది. కొండ మీద నుంచి దిగిన పొగమంచు పెరటి కంచె దాకా వచ్చి అక్కడే ఆగింది. ఉదయభాస్కర్ ఒళ్లో కొత్త నారింజ రంగు జాకెట్ ఉంది. అతను ఒక పాలపొడి ఫ్యాక్టరీలో సేఫ్టీ మేనేజర్. ఎదురుగా కూర్చున్న వీరేశం అదే ఫ్యాక్టరీలో ఎలక్ట్రీషియన్. సోమవారం పొద్దున ఏడింటికి, లైన్ ఆపకుండా, కరెంటు పారుతుండగానే, మెయిన్ ప్యానెల్ తలుపు తీసి లోపల వేడెక్కుతున్న జాయింటుని చూడాల్సింది వీరేశమే. అలాంటి చోట చిన్న స్క్రూ జారి పడినా కరెంటు గాల్లోకి దూకుతుంది. దాన్ని ఆర్క్ అంటారు. రెప్పపాటు సేపు ఆ గదిలోకి సూర్యుడు దిగినట్టు ఉంటుంది. అప్పుడు మనిషి తోలుకీ ఆ మంటకీ మధ్య ఉండేది ఒంటిమీది బట్ట మాత్రమే.

ఆ బట్టని ఎంచేది ఒకడు, అందులో కాలేది ఇంకొకడు. ఈ ఒక్క సూత్రం మీద ప్రపంచంలో ఎన్ని ఫ్యాక్టరీలు నడుస్తున్నాయో.

“రేపు నీ ఒంటి మీదికి రాబోయేది ఇదే, వీరేశం,” అని జాకెట్‌ని విప్పి చూపించాడు ఉదయభాస్కర్. “నూటికి నూరుపాళ్లు మెరినో ఉన్ని. దీన్ని నేనెక్కడ పరీక్ష చేయించానో తెలుసా? సౌత్ ఐలాండ్‌లో ఒక పాత ఉన్ని గోడౌన్ ఉంది, ఊరు పేరు అడక్కండి, చెప్పనని సంతకం పెట్టించుకున్నారు. చుట్టూ కొండల నిండా గొర్రెలే, కానీ ఆ గోడౌన్‌కి అరమైలు దూరంలో ఒక్కటంటే ఒక్క గొర్రె మేయదు, గడ్డి మోకాలెత్తు పెరిగినా సరే. ఎందుకు రావయ్యా అని అక్కడి టెస్టింగ్ ముసలాయన్ని అడిగా. ‘లోపలికి వచ్చి నువ్వే అడుగు’ అన్నాడు. ఎవర్ని అడగాలి అన్నా. చెప్పలేదు.”

“గొర్రెల్నే అడగాల్సింది గురువుగారూ,” అన్నాడు రాజారావు.

“నవ్వు, నవ్వు. నేనూ నవ్వుకుంటూనే లోపలికెళ్లా. లోపల మూడు బొమ్మలున్నాయి. మనిషి బొమ్మలే, కానీ నడుము దాకానే, కింద కాళ్లు లేవు. ఇనప స్తంభాలకి తగిలించి, మధ్యలో రెండు కడ్డీలు పెట్టి, వాటి చుట్టూ నిలబెట్టారు. ఒక్కో బొమ్మ గుండె మీద రూపాయంత రాగిబిళ్లలు. బట్ట దాటి ఎంత వేడి లోపలికొచ్చిందో అవి చెప్తాయి. క్యాలరీల్లో చెప్తాయి, అర్థమైందా, చదరపు సెంటీమీటరుకి ఒక్క క్యాలరీ కాస్త దాటితే చాలు, తోలు మీద బొబ్బలు. మొదట ఎనిమిది క్యాలరీల మంట పెట్టారు. అందరూ నల్లద్దం వెనక నిలబడి కళ్లు మూసుకున్నారు. నేను మూయలేదు. అంతే నేను చేసింది, గొప్పేం లేదు. వెలుగు పోయాక చూస్తే బొమ్మల చొక్కాలు పొగలు కక్కుతున్నాయి. గది నిండా జుట్టు కాలిన వాసన.”

“బొమ్మలకి జుట్టుందా?” అని అడిగాడు రాజారావు.

“లేదు,” అన్నాడు ఉదయభాస్కర్, గొంతు తగ్గించి. “అదే నేనూ అడిగా. ముసలాయన కళ్లు దించుకున్నాడు. ఇంకోటి చెప్తా వినండి. మంటకి ముందు ఆ మూడు తలలూ కడ్డీల వైపు ఉన్నాయి. మంట తర్వాత మూడూ నా వైపు తిరిగి ఉన్నాయి.”

డెక్ మీద ఎవరో కుర్చీ జరిపారు. వాన కొంచెం పెరిగింది. వీరేశం భార్య సావిత్రి చెయ్యి చాచి జాకెట్ తీసుకుంది. ఆమె ఆక్లాండ్ సిటీ సెంటర్‌లో హోటళ్ల దుప్పట్లు, పనివాళ్ల యూనిఫారాలు ఉతికే లాండ్రీలో పనిచేస్తుంది.

“దీన్ని ఎట్ల ఉతకాలె అన్నా?” అంది.

“చెప్తానమ్మా, ముందు కథ విను. ఇరవై ఐదు క్యాలరీలకి మూడో బొమ్మ ఎక్కనంది. ఎక్కనంది అంటే నోటితో కాదు, స్తంభానికి తగిలిస్తుంటే జారిపోతోంది, మళ్లీ తగిలిస్తే మళ్లీ జారిపోతోంది, ఇద్దరు కివీ కుర్రాళ్లు పట్టుకున్నా ఆగదే! టెస్టు ఆగిపోయేలా ఉంది. నాకు మా వాళ్లు గుర్తొచ్చారు, నువ్వు గుర్తొచ్చావ్ వీరేశం. కార్మికుడి ప్రాణమే కంపెనీ ప్రాణం, మా గోడ మీద నేనే రాయించా కదా. ఈ జాకెట్ వేసుకుని, చేతిలో టీ కప్పుతో, వెళ్లి ఆ మూడో స్తంభం దగ్గర నిలబడ్డా. పెట్టండి మంట అన్నా. పెట్టారు. ఆ తర్వాత ఏమైందో తెలుసా? చల్లారిపోయిన టీ వేడెక్కింది. అంతే! ఇంకేం కాలేదు.”

“పంచదార సరిపోయిందా?” అన్నాడు రాజారావు. ఇద్దరు ముగ్గురు నవ్వారు.

“నలభైకి పెంచారు. టీ మరిగి ఆవిరైపోయింది, కప్పు మిగిలింది, నేను మిగిలా. కానీ వెనక గోడ మీద నా నీడ అచ్చుపడిపోయింది. నేను కదిలినా అది కదల్లేదు. నేను బయటికొచ్చేశా, అది అక్కడే ఉంది. ఇవాళ ఎండ లేదు గానీ, ఉండి ఉంటే చూపించేవాణ్ని, నాకు నీడ పడదు. సరే, వందకి పెంచమన్నా. వంద క్యాలరీలు! అక్కడ స్విచ్ వేస్తే సౌత్ ఐలాండ్ మొత్తం ఒక్క క్షణం చీకటైంది. ఆ వెలుగులో గోడలు కనపడలేదు, పైకప్పు కనపడలేదు, నా చేతుల్లో ఎముకలు లెక్కపెట్టుకోవచ్చు. చప్పుడు లేదు. చెవులు పోయాయేమో అనుకున్నా. అప్పుడు పక్కనున్న బొమ్మ నా చెయ్యి పట్టుకుంది.”

సావిత్రి జాకెట్ అంచుని వేళ్ల మధ్య నలిపి చూసింది.

“ఆ చెయ్యి వెచ్చగా ఉంది. మనిషి చెయ్యిలా. వంగి నా చెవిలో అంది: ‘మంచిదే అన్నరు సారు. నాకు సుత మంచిదే అన్నరు.’”

చెప్తున్న ఊపులో, నవ్వు పుట్టించడానికి, ఉదయభాస్కర్ బొమ్మ మాటల్ని వీరేశం యాసలో, వీరేశం గొంతుతోనే పలికాడు. బాగా కుదిరింది కూడా. ఒక్కరూ నవ్వలేదు.

“బొమ్మకు మా మాట ఎట్లొచ్చె సారు?” అని అడిగాడు వీరేశం.

“కాలినవాడికి భాషేమిటయ్యా!” అన్నాడు ఉదయభాస్కర్. తను అన్న మాటకి తనే ఉలిక్కిపడ్డట్టు ఒకసారి కంచె వైపు చూశాడు. పొగమంచు ఇప్పుడు కంచె దాటి నిమ్మచెట్టు మొదట్లోకి వచ్చింది. అక్కడితో ఆపి ఉంటే పోయేది. కోతలు కోసేవాడికి ఆపడం రాదు. భయం వేస్తే ఇంకా వేగంగా కోస్తాడు.

“తర్వాతేంటంటే, ఆ మూడు బొమ్మలూ నాకు దండం పెట్టాయి. నేను కారెక్కితే వెనక వచ్చాయి, కాళ్లు లేకుండా, గడ్డి మీద తేలుకుంటూ. ఫెర్రీలో నా వెనకే ఉన్నాయి. వెల్లింగ్టన్ నుంచి ఆక్లాండ్ దాకా డ్రైవ్ చేశానా, వెనక సీట్లో మూడు బెల్టులూ వాటంతటవే పడ్డాయి, టక్, టక్, టక్ అని. ఇంకా చెప్పమంటారా? మన స్టోర్ రూమ్‌లో ఈ జాకెట్లు పన్నెండు ఉన్నాయి కదా, అట్టపెట్టెలో. పట్టపగలు, లంచ్ టైమ్‌లో, ఆ తలుపుకి చెవి పెట్టి వినండి. లోపల జిప్పులు పైకి లాగుతున్న చప్పుడు. పన్నెండు జిప్పులు! వాళ్లు వేసుకుని రెడీగా ఉన్నారు, మన కోసం, మనకి కాపలా! ఈ జాకెట్‌ని నిప్పు చూస్తే నిప్పే వెనక్కి…”

“అన్నా,” అంది సావిత్రి.

ఆమె జాకెట్ మెడని లోపలి వైపుకి తిప్పి పట్టుకుంది. ఏ బట్ట చేతికొచ్చినా ముందు మెడ తిప్పి చూడటం లాండ్రీ వాళ్ల అలవాటు.

“ఉతికేది ఎట్లనో నువ్వు చెప్తలేవని నేనే చూసిన. ఈడ చీటీ ఉంది. వంద శాతం పాలియెస్టర్ అని ఉంది.” కింద ఎర్ర అక్షరాల దగ్గర వేలు పెట్టి, ఆ ఇంగ్లీషుని ఆగి ఆగి తెలుగులో చెప్పింది. “తొందరగా అంటుకుంటది. నిప్పుకు దూరంగ ఉంచాలె.”

రాజారావు పక్కుమని నవ్వబోయాడు. వీరేశం మొహం చూసి ఆ నవ్వు మింగేశాడు.

“అది… చీటీ కుట్టినవాడి పొరపాటమ్మా,” అన్నాడు ఉదయభాస్కర్.

“దినాం రెండు వందల మెడలు తిప్పి చూస్త అన్నా. చీటీ తప్పున్నా చేతికి తెలుస్తది. ఇది ఉన్ని కాదు. ఇస్త్రీ జర ఎక్కువైతేనే కరిగి పెట్టెకు పట్టుకుంటది, బ్లేడు పెట్టి గీకుతం. రేపు ఈయన తోలుకు పట్టుకుంటే దేంతోని గీకాలె?”

సావిత్రి ఆ చీటీని అతని వైపు తిప్పి పట్టుకుంది.

“ఆ గోడౌన్‌కు పోయినవా అన్నా నువ్వు?”

ఉదయభాస్కర్ పకోడీల పళ్లెం వంక చూశాడు. “కేటలాగ్‌లో ఫోటో ఉంది,” అన్నాడు చివరికి. “మూడు బొమ్మల ఫోటో. అది వేరే జాకెట్‌ది. దానికి ఆరు వారాలు పడుతుందన్నారు. ప్యానెల్ పని ఆరు వారాలు ఆగదని మేనేజ్‌మెంట్… ఇవి రెడీగా దొరికాయి. రంగు ఒకటే కదా అని.”

“రంగు,” అన్నాడు వీరేశం. అతని గొంతు పెరగలేదు. “ఆ ఫోటోల జాకెట్ వచ్చిందాక నేను ఆ తలుపు తియ్యను సారు. రేపే తియ్యాల్నంటే మెయిన్ బంద్ చేపియ్యి. కరెంటు లేని ప్యానెల్‌కు ఏ జాకెటూ అక్కర్లే, బనీను మీద చేస్త.”

“లైన్ ఆపితే ట్యాంకుల్లో పాలు విరిగిపోతాయి వీరేశం.”

“విరగనియ్యి.”

సావిత్రి జాకెట్‌ని మడవకుండానే తెచ్చి ఉదయభాస్కర్ ఒళ్లో పడేసింది.

“మీ పెద్దసారుకు ఇప్పుడే ఫోన్ చెయ్యి అన్నా,” అంది. “మేమందరం ఇంటం.”