వాగు అవతల మీ తాతయ్య

ఏంటీ, తాతయ్య సైట్‌కి వెళ్ళిపోతే మస్కట్‌లో ఒక్కదాన్నే ఎలా ఉండేదాన్ననా? ఎలా ఉంటానే, ఉన్నాను. ముందు కూర్చో. ఆ కుర్చీ కాదు, దాని కాలు ఊగుతుంది, ఇలా మంచం మీదకి రా. ఫోన్లో రికార్డు పెట్టావా? పెట్టుకో, పెట్టుకో. గొంతు బొంగురుగా వస్తుందేమో మరి.

రేపు నువ్వెళ్ళే ఆ ఆస్ట్రేలియాలో మీ ఆయన కూడా గనుల్లోకి వెళ్తే వారాల తరబడి ఇంటికి రాడంట కదా. మీ అమ్మ చెప్పింది. చెప్పి ఏడ్చింది. ఊరుకోవే అన్నాను.

మీ తాతయ్య అంటే... నీకు సొంత తాత కాదనుకో, మీ తాతకి అన్నగారు, అయినా నువ్వు తాతయ్యా అనే పిలిచేదానివి కదా. ఆయన వెల్డరు. ఎడారిలో ఎక్కడో పైపులైను వేస్తుంటే అక్కడ పని. అక్కడే క్యాంపు, అక్కడే తిండి. నెలకోసారి టౌనుకి వచ్చేవోరు. వచ్చి ఏం చేసేవోరనుకున్నావ్? నిద్రపోయేవోరు. బట్టలు నానబెడితే నీళ్ళు ఎర్రగా, మన గోదారి వరద నీళ్ళలాగా అయిపోయేవి. ఆ బట్టలు ఆరేలోపు మళ్ళీ కంపెనీ బండి వచ్చేసేది.

నేనా? కింద టైలరు షాపు, పైన మాకో గది, ఓ వంటిల్లు. కిటికీ తీస్తే ఎదురుగా ఇంకో కిటికీ. భాష రాదు. టీవీ పెడితే అరబ్బీ. ఒక్కదానికి అన్నం వండటం రాదే నాకు. పుట్టింట్లో పదిమందికి వండినదాన్ని, మా ఊరు నిడదవోలు దగ్గర కదా, మా అమ్మ గుండిగతో వండేది. అక్కడ ఎంత తక్కువ పోసినా మిగిలిపోయేది. మునక్కాయ ఒక్క ముక్క కొనే డబ్బులకి పాలకొల్లు బజార్లో కట్టకి కట్టే వచ్చేది ఆ రోజుల్లో. ఏం చెప్తున్నాను... ఆఁ, ఒక్కదాన్నే. ఒక్కోసారి రెండేసి రోజులు నోరు తెరిచి మాటే ఆడేదాన్ని కాదు. తర్వాత ఎవరైనా పలకరిస్తే గొంతు రాక దగ్గేదాన్ని.

పలకరించేది ఒక్క ఆమినా. పక్కింటావిడ, కేరళ వాళ్ళు. ఆవిడ భర్త నీళ్ళ ట్యాంకరు నడిపేవాడు, అందరూ కాకా అనేవోరు. ఆవిడకి తెలుగు రాదు, నాకు మలయాళం రాదు. చేతులతో మాట్లాడుకునేవాళ్ళం. ఆవిడ చేపల పులుసులో కొబ్బరి పోసి ఇచ్చేది, నేను గోంగూర పచ్చడి పెట్టేదాన్ని. ఆ కారానికి ఆవిడకి కళ్ళంట నీళ్ళు కారేవి, మళ్ళీ అడిగేది.

ఆ తర్వాత నాకు నెల తప్పింది. పెళ్ళైన చాలాకాలానికి. పురిటికి ఇండియా పంపించేస్తానన్నారు మీ తాతయ్య. ఎనిమిదో నెల రాకుండానే వెళ్దామనుకున్నాం. అదే అనుకున్నాం. ఏడో నెలలోనే, మధ్యాహ్నం గిన్నెలు తోముతుంటే వచ్చేశాయి నొప్పులు. ఆమినాని పిలిచాను. కాకా ట్యాంకరులోనే ఎక్కించుకుని తీసుకెళ్ళారు ఆస్పత్రికి. అంత ఎత్తు బండి, ఎలా ఎక్కానో ఇప్పటికీ తెలీదు.

మగపిల్లాడు.

గుప్పెడంత ఉన్నాడే. కానీ ఏడ్చాడు. నేను విన్నాను కదా, ఏడ్చాడు. కాకా వెంటనే మీ తాతయ్య కంపెనీ ఆఫీసుకి వెళ్ళి చెప్పొచ్చాడు. అప్పుడు సెల్‌ఫోన్లేవి, ఆఫీసులో వైర్‌లెస్‌ ఉండేది, అందులో క్యాంపుకి చెప్తే వాళ్ళు సైటు మీదున్న మనిషికి చెప్పాలి. "కొడుకు పుట్టాడు, రమ్మనండి." ఇదీ కబురు.

ఆ కబురు చేరింది. ఈయన బయల్దేరిపోయారు.

ఇక్కడ వీడు తెల్లారేదాకా ఉన్నాడు. ఇంకా కొంచెం సేపు... ఎండొచ్చేదాకా ఉన్నాడు. గాజు పెట్టెలో పెట్టారు. అద్దంలోంచి చూశాను, చెవులు మా మావగారివే, అంతంత పెద్ద చెవులు. నర్సొచ్చి పేరేంటని అడిగింది. మగమనిషిని అడక్కుండా పేరెలా పెడతాను? కానీ మరి వాడికి టైము లేదని నాకు తెలిసిపోయింది. సూర్యనారాయణ అన్నాను. మీ ముత్తాతగారి పేరు. ఆ పిల్లకి పలకడం రాక మూడుసార్లు చెప్పించుకుంది. మూడుసార్లు పిలిచినట్టయింది వాణ్ణి. అంతే.

తెల్ల తువ్వాల్లో చుట్టి కాకానే ఎత్తుకున్నాడు. నన్ను లేవనివ్వలేదు. చిన్నపిల్లల్ని మనలోనూ పూడ్చడమే కదా. బయటి దేశాల వాళ్ళకి చోటొకటి ఉంటే అక్కడ పెట్టొచ్చాడు. వచ్చి గుమ్మం దగ్గరే నించుండిపోయాడు పాపం, లోపలికి రాలేదు.

ఆఫీసుకి మళ్ళీ చెప్పారు, ఇలా జరిగిందని. కానీ బండి అప్పటికే క్యాంపు వదిలేసింది. దారిలో వాగు వచ్చేసింది.

నీకు తెలీదులే, ఆ దేశంలో నదులుండవు. రాళ్ళు తేలిన ఎండు వాగులు. కొండల మీద వాన పడిందంటే మాత్రం ఒక్కసారిగా వచ్చిపడుతుంది. మన గోదారి ఎంత పొంగినా వస్తున్నానని చెప్పి వస్తుంది, గట్టు మీద సామాన్లు సర్దుకోడానికి వ్యవధి ఇస్తుంది. అది అలా కాదు. రోడ్డు కోసేసింది. అటు బండ్లు అటు, ఇటు బండ్లు ఇటు. రెండు రోజులో, మూడు రోజులో ఆగిపోయారు.

ఆ రోజులన్నీ, చూడు, ఆయనకి కొడుకు బతికే ఉన్నాడు. ఆ వాగొడ్డున అందరికీ ఖర్జూరాలు పంచారంట. పాకిస్తానీ డ్రైవర్లు, బెంగాలీ కూలీలు, అందరూ భుజం తట్టారంట. ఎవరో ముసలాయన దువా, అదే వాళ్ళ ప్రార్థన, అది కూడా చేశాడంట పిల్లాడి పేరున. తర్వాత చాలా ఏళ్ళకి చెప్పారు నాకు ఇదంతా. "నా జన్మలో అంత సంతోషంగా ఎప్పుడూ లేను సత్యా" అన్నారు.

నన్ను ఇంటికి పంపించేశారు అప్పటికే. మెట్ల మీద ఆయన బూట్ల చప్పుడు వినపడింది. పరిగెత్తుకొస్తున్నారు. ఆమినా అడ్డం వెళ్ళింది, ముందు తను చెప్దామని. ఏ భాషలో చెప్తుంది? ఆవిడ ఏడుస్తుంటే, సంతోషానికనుకుని ఆవిడ చేతిలో కూడా ఓ ఖర్జూరం పెట్టారు. లోపలికొచ్చారు. గెడ్డం, దుమ్ము, మొహం మాత్రం వెలిగిపోతోంది. మంచం మీదా, పక్కనా వెతుకుతున్నారు.

"పడుకున్నాడా? ఏడీ?"

"లేడండి" అన్నాను.

"ఆస్పత్రిలో ఉంచారా? పద, వెళ్దాం."

"లేడండి."

ఆయన అలాగే కింద కూర్చుండిపోయారు, బూట్లతో. ఎవరి పోలిక అని అడిగారు. చెవుల సంగతి చెప్పాను. తల ఊపారు. కాకాతో వెళ్ళి చూసొచ్చారు ఆ చోటు. ఆ వారంలోనే మళ్ళీ బండొచ్చింది. వెళ్ళిపోయారు. వెళ్ళకపోతే ఉద్యోగం ఉండదు. నేనూ ఆపలేదు.

నాకేమో పాలు పడ్డాయి. మన వైపు మల్లెపూలు కడతారు పాలు ఆగడానికి. అక్కడ మల్లెలెక్కడివి? ఆమినా క్యాబేజీ ఆకులు కట్టింది. అది కడుతూ వాళ్ళ భాషలో ఏదో అనేది మెల్లిగా. ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు, అయినా అది ఆపేస్తే ఏడుపొచ్చేది నాకు.

తర్వాత మాకు పిల్లలు కలగలేదు. ఎన్నో ఏళ్ళు ఉన్నాం అక్కడే. ఆమినా వాళ్ళు ముందు వెళ్ళిపోయారు వాళ్ళ ఊరు. మేం రిటైరై వచ్చాక, ఇదిగో, ఈ ఇంట్లో ఉన్నామా, ఆయన చుట్టంలా కూర్చునేవోరే. మంచినీళ్ళ గ్లాసులు ఎక్కడుంటాయి సత్యా అని అడిగేవోరు. పోయేదాకా అడిగారు. మంచి మనిషే, ఒక్క మాట అన్నది లేదు నన్ను. కానీ ఆ రోజు వాగుకి ఆయన అటూ నేనిటూ ఉండిపోయాం చూడు, అలాగే ఉండిపోయామేమో అనిపిస్తుంది నాకు. ఆయన సంతోషంలో నేను లేను. నా ఏడుపు సగం అయిపోయాక ఆయన వచ్చారు. మళ్ళీ కలిసి ఏడవడం కుదరలేదు.

ఊరుకో, నువ్వెందుకు ఏడుస్తావ్? నీకిప్పుడు వీడియో కాల్సూ అవీ ఉన్నాయి. నీకలా జరగదు. వెళ్ళగానే పక్కింటోళ్ళ తలుపు కొట్టు, వాళ్ళ మాట రాకపోయినా సరే.

ఇలా రా, వొంగు. పిల్లాపాపలతో ఉండు తల్లీ. మంచైనా చెడైనా, మీ ఇంట్లో ఏం జరిగినా, మీ ఇద్దరికీ ఒకే పూట తెలియాలి. అదే నా దీవెన. ఇంకేం అడగను దేవుణ్ణి...