ప్రకాశం మట్టికాడి పంచాయితీ

"తాతా, నమ్ముకుంటె చాలా, మంచిగ నడుసుకోవాల్నా? చర్చిల మొన్న దీనిమీదనే లొల్లి అయింది."

ఆ లొల్లి ఇప్పటిదా బిడ్డా? తెలంగాణ రాకముందు, నాచారంల మన చర్చి ఇంక రేకుల షెడ్డే ఉన్నప్పటిది. నేను సంఘ పెద్దను అప్పుడు. ప్రకాశమని ఉండె, కంపెనీల నాతోని ఒక్క మిషిన్ మీదనే... కాదు కాదు, పక్క మిషిన్ మీద చేసేటోడు. పనిల వంక పెట్టేది లేదు. జీతం చేతిల పడితె మాత్రం తాగుడు, ఇంటికి వొయ్యి పెండ్లాం కరుణమ్మను కొట్టుడు. ఆమె ఆదివారం కొంగు మొకం మీదికి గుంజుకోని వచ్చేది. ఏమాయెనమ్మా అంటె, జారిపడ్డ అనేది. అందరికి ఎరుకే.

తాగి తాగి కార్జం ఖరాబై దవాఖానాల పడ్డడు. ఆఖరు వారం పాస్టరయ్యను పిలిపిచ్చుకోని ఏడ్సిండు, ప్రభువును నమ్ముకున్న అన్నడు. ఆ వారంలనే పానం పోయింది.

మన సమాధుల జాగల విశ్వాసులకే మట్టి. గది సంఘం పెట్టుకున్న కాయిదా. వేరేకాడికి తీస్కపోదమంటె ఆ నాడు బంద్, ఉప్పల్ చౌరస్తాల ఒక్క బండి లేదు. ఎండ ఎక్కుతుంది, శవం వాకిట్లనే ఉన్నది.

నేనన్న, "ఇన్నేండ్లు కొట్టినోడు వారం ఏడిస్తె నీతిమంతుడైతడా?"

"అన్నా," అన్నడు పాస్టరయ్య, "మన పనులు సూసి దేవుడు మనల నీతిమంతులంటలేడు. యేసు పక్క సిలువ మీద ఆఖరు గడియల నమ్ముకున్న దొంగ ఏం మంచి చేసిండు?"

"ఆ దొంగ ఇంటికి వొయ్యి పెండ్లాన్ని కొట్టలే గద! నమ్మినోని నడతల అది కానరావద్దా?"

"మీరు కల్లు ముట్టరు, చర్చి తప్పరు. గదే పరలోకానికి టికెట్ అనుకుంటున్నరా?" అన్నడు. నాకు జర కాలింది, అబద్ధమెందుకు.

ఆఖరికి కరుణమ్మనే అడిగినం. "ఆయన నిజంగనే మారిండు. నేను కండ్లార సూసిన. లోపల్నే పెట్టున్రి" అన్నది. ఒప్పుకున్న. నా మనసు మారి కాదు, ఆమె మాటకు.

ఇగ గుంత తీసేటాయన, రివాజే గద, మొగడు పోతె పక్కన భార్యకు జాగ ఇడుస్తరు, "అమ్మా, నీకు ఏ పక్క ఇడువాలె?" అని అడిగిండు.

"నాకు ఆడ వద్దు" అన్నది.

పాస్టరయ్య మెల్లగ, "క్షమించాలె గదమ్మా" అన్నడు.

"క్షమించిన పాస్టరయ్యా. దవాఖానాలనే క్షమించిన. ప్రభువు దగ్గర సల్లగ ఉండనియ్యున్రి ఆయనను. నన్ను మాత్రం గా గోడ పొంటి పెట్టున్రి."

గోడ పొంటి జాగ నేనే నడిసివొయ్యి గుంత తీసేటాయనకు సూపిచ్చిన.

ఇయ్యాల్టికి నేను నడతనే అంట, పాస్టరయ్య నమ్మకమే అంటడు. మా ఇద్దరిది తెగలే. నువ్వు సల్లగుండు బిడ్డా. చెయ్యెత్తనోడు దొరకాలె నీకు. వాని నమ్మకం సంగతి అటెన్క అడుగుదం తియ్...