అడపకత్తె అంటే

పంతొమ్మిదివందల నలభయ్యేడు. ముమ్మిడివరం దగ్గర దావాలో ఉన్న రెండెకరాల కొబ్బరితోట. రేపు అమలాపురం కోర్టులో వాయిదా అనగా, పుట్టి బుద్ధెరిగి ఆ తోటలో కాలుపెట్టని దివాణం వెంకటరాజుగారు గుమాస్తాని వెంటేసుకుని తనంత తానే వచ్చారు. తోటలో కాపురముంటున్న కాంతం మాత్రం ఆయన కూర్చోడానికి మంచం వాల్చలేదు.

"అదేమిటే కాంతం! దావా వెనక్కి తీసుకుంటానంటే వద్దంటావు?"

"వద్దనలేదండి. ఎందుకూ అని అడిగేనండి."

"ఎందుకేమిటి... పోనీలే అని. ఆడకూతురివి. రెండెకరాల తోట దివాణానికి ఓ లెక్కా?"

"మొన్న మాఘమాసంలో లెక్కేనండి. మా కుర్రాడు వీరబాబు కాయల దింపుకి చెట్టెక్కితే మీ పాలేళ్ళు కింద కర్రలుచ్చుకుని నిలబడ్డారు. జమీలు రద్దు చేస్తారంట, ఈలోగా చేతికందింది లాక్కుంటున్నారు కామోసు అనుకున్నాం."

"అదంతా జగ్గయ్య అతి. ఏమయ్యా జగ్గయ్యా?"

"ఆయ్. నా అతేనండి."

"పాపం, గుమాస్తా జన్మ! ఏ తప్పయినా ఆయనదే. రండి జగ్గయ్య బాబాయ్, దగ్గరకొచ్చి వినండి."

"వాణ్ణక్కడే ఉండనీ. చూడు, రేపు నువ్వు కోర్టులో ఏదో కాగితం పెడతావటగా?"

"ఏ కాగితమండి?"

"నాకు తెలీదనుకోకు. మా ప్లీడరు ప్రకాశరావు చెప్పేడు. నకలు తీయించేవట."

"ఓ, అదాండి! అది మీ కాగితమేనండి, మీ చేవ్రాలే. రెండేళ్ళయింది, మరిచిపోయేరేమో. చదవమంటారా?"

"వద్దు."

"కళ్ళజోడు ఇక్కడే ఉందండి..."

"వద్దన్నానా!"

"అయితే నోటితోనే చెప్పుకుందామండి. మీ తాతగారు మా అమ్మమ్మకి రాసిన పట్టాలో 'మా అడపకత్తె సూరమ్మకు ఇచ్చిన తోట' అని ఉంది. అంతకుమించి ముక్క లేదు. ఇప్పటి దావాలో ఆ మాటకి మీరు రాయించిన అర్థమేమిటండి?"

"ఎవరికి తెలీదు! అడపం అంటే తమలపాకుల సంచి. అది పట్టుకుని దొరగారి వెనకాల నడిచి, అడిగినప్పుడు చిలక చుట్టి ఇచ్చేది అడపకత్తె. కొలువు మనిషి. కొలువుకి జీతంగా ఇచ్చిన తోట. ఆ కొలువే లేనప్పుడు తోట దివాణానిది."

"ఆహా, ఎంత చక్కగా చెప్పేరండి! మూడేళ్ళ కిందట మా అమ్మ పెద్దకార్యం నాడు ఈ ముక్కే చెప్పుంటే ఎంత బావుండేది!"

"మళ్ళీ అదెందుకు..."

"ఎందుకంటారేమండి! జనం విస్తళ్ళ ముందు కూర్చున్నారు. పప్పు పడింది, నెయ్యి పడుతోంది. మీరు వీధిలో బండి ఆపి కేకేసి ఏమన్నారు?"

"నాకు గుర్తులేదు."

"నాకుందండి. 'అడపకత్తె అంటే ఏమిటనుకున్నార్రా, మా తాత ఉంపుడుగత్తె! దాని కూతురి కూడేనా మీరు తినేది?' అన్నారు. ఒక్కొక్కరే లేచిపోయేరు. కలిపిన అన్నం కలిపినట్టే ఉంది. నలభై విస్తళ్ళు ఒక్కర్తినీ ఎత్తేను. మా అమ్మ పేరు చెప్పి వండిన కూడు కుక్కల పాలు చేసేనండి!"

"మీ అమ్మ పోగానే తోట వదలమన్నాను. వదల్లేదు. ఒళ్ళు మండి ఓ మాటన్నాను."

"ఆ మాట మీదే నేను పరువుదావా వేసేను."

"వేసేవు. ఓడిపోయేవు."

"ఎలా ఓడిపోయేనండి?"

"ఎలాగేమిటి? నేనన్నది నిజమని రుజువైంది."

"అదిగో! రుజువు చేసిందెవరు? మీరే కదండీ. తెలుగు పండితులు శ్రీరాములుగారిని బోనెక్కించి, 'నిఘంటువులో అర్థం వేరు, వాడుకలో అర్థం వేరు, వాడుకలో ఉంపుడుగత్తెనీ అంటారు' అని చెప్పించేరు. అది చాలక మీరు ప్రమాణం చేసి రాసిచ్చేరు. 'ఉత్త పనిమనిషికి రెండెకరాల తోట ఎవరిస్తారు? మా తాతగారు ప్రేమకొద్దీ ఇచ్చిందే. సూరమ్మ కూతురు చిట్టెమ్మ మా తాతగారికే పుట్టింది' అని. కోర్టువారు నమ్మేరు. మీరు నవ్వుకుంటూ బండెక్కేరు."

"అప్పుడు ప్లీడరు అలా రాయమన్నాడు."

"ఇప్పుడు ఇలా రాయమన్నాడు. మరి జడ్జీగారు ఏది నమ్మాలండి? మొదటిది నిజమైతే తోట ప్రేమకొద్దీ ఇచ్చింది, నాది. రెండోది నిజమైతే మీరు ప్రమాణం చేసి అబద్ధమాడేరు. దానికి జైలంట, మా ప్లీడరుగారు చెప్పేరు. కరవమంటే కప్పకి కోపం, విడవమంటే పాముకి కోపం."

"అందుకేగా వెనక్కి తీసుకుంటానంటున్నాను! వచ్చే నెల మా అబ్బాయి పెళ్ళి. పెద్ద సంబంధం. రేపు కోర్టులో అందరి ముందూ ఆ కాగితం చదివితే..."

"ఏమవుతుందండి?"

"వియ్యాలవారు వింటారు."

"వింటే?"

"నా నోటితో చెప్పించకు."

"పోనీ నేను చెప్పనాండి? మీ కాగితం ప్రకారం మా అమ్మ మీ నాన్నగారికి చెల్లెలు. మీకు మేనత్త. మేనత్త పెద్దకార్యంలో విస్తళ్ళ ముందునుంచి..."

"చాల్లే! ఊరుకో. నీకేం కావాలో అది అడుగు."

"అడుగుతానండి. వచ్చే ఆదివారం అమ్మ ఆబ్దికం. ఆ రోజు లేచిపోయినవాళ్ళందర్నీ మళ్ళీ పిలిచేను. మీరొచ్చి వాళ్ళ ముందు నిలబడి, 'సూరమ్మ ఆకులు చుట్టి ఇచ్చింది, అంతే. ఆవిడ మొగుడు పడవ సరంగు, చిట్టెమ్మ ఆయన కూతురే' అనండి. ఈ నకలు మీ ఎదుటే చింపేస్తాను. తోట కూడా మీరే తీసుకోండి."

"తోట కూడానా?"

"కాయలతో సహా."

"మాట తప్పవు కదా?"

"మా అమ్మ మీద ఒట్టండి."

"ఓస్, ఇంతేనా! వస్తానే. వచ్చి..."

"అయ్యా, అయ్యా! వద్దండి! నలభైమంది ముందు అలా అంటే, మొదటి ప్రమాణం అబద్ధమని తమరే ఒప్పుకున్నట్టండి. నలభై మంది సాక్షులండి!"

"నోర్ముయ్ జగ్గయ్యా... ఆఁ. అవున్రోయ్."

"బాబాయ్ బుర్ర చురుకైందండి. రెండేళ్ళ కిందటే ఆయన్నడిగి ఉండాల్సింది తమరు."

"ఒసే, నువ్వింత ఆలోచించేవా? తీర్పు చెప్పిన రోజు కోర్టు మెట్ల మీద కూలబడి ఏడిచేవు, నా కళ్ళతో చూసేను!"

"ఏడవనాండి మరి? మా అమ్మమ్మ పేరు నా చేత్తోనే బురదలో పెట్టేను. ఒక్క చిలక చుట్టి ఇవ్వడం తప్ప ఏ పాపం ఎరగని మనిషి. కానీ మీ కన్ను ఈ తోట మీద ఉంది. పట్టాలో ఉన్నది ఆ ఒక్క మాట. దాని అర్థం మీ చేత్తో ఒకసారి కాగితం మీద పడితే చాలనుకున్నాను. ఆ దావా నేను ఓడిపోవడానికే వేసేనండి."

"ఓడిపోవడానికా!"

"ఆయ్, అందుకేనండి, రాజుగారూ."

"కాంతం... రేపు పొద్దున్నే దావా వెనక్కి తీసుకుంటాను. తోట నీది. ఆ కాగితం మాత్రం చదివించకు."

"ఆయ్. చదివించనండి. నా ట్రంకుపెట్టెలో పడి ఉంటుంది."

"ఆ చుట్టరికం మాట ఎక్కడా ఎత్తకు."

"అయ్యో, అదెలా కుదురుతుందండి? కోర్టువారి తీర్పు కాదనడానికి నేనెవర్తిని? కూర్చోండి, ఇదిగో మంచం వాలుస్తున్నాను. జగ్గయ్య బాబాయ్, మీరూ కూర్చోండి. ఒరే వీరబాబూ! చెట్టు మీదున్నావా? లేత బొండాం ఒకటి దింపరా! మా బావగారు ఎండన పడి వచ్చేరు!"