రెండు క్యాన్ల సముద్రం

బందరు తీరం, సరుగుడు తోపు అవతల. ఒడ్డుకు లాగిన పడవ నీడలో కాశీరావు వల బాగుచేసుకుంటున్నాడు. పొద్దున్నే విజయవాడలో బస్సెక్కి వచ్చిన హేమ, ఎప్పట్లాగే రెండు ఖాళీ క్యాన్లు అతని ముందు పెట్టింది.

“నింపనని చెప్పాగా అమ్మా.”

“ఎందుకు నింపవు బాబాయ్? నెలనెలా నింపేవాడివేగా.”

“నడుం పట్టేసింది.”

“పోయిన నెల మోకాలంటూనే నింపావు.”

“మోకాల్లోంచే నడుంలోకి ఎక్కింది. ఇంటికి పదండి, మా ఇంటిది పెద్దింట్లమ్మ పులుసు పెట్టింది. ఇంత తిని సాయంత్రం బస్సుకి...”

“పులుసు తర్వాత. ముందు నీళ్ళు.”

“కండక్టరు మళ్ళీ గొడవ చెయ్యలేదా పోయినసారి?”

“చేశాడు. ‘కృష్ణ ఒడ్డున కాపరం పెట్టుకుని బందర్నించి నీళ్ళు మోసుకెళ్తున్నావేంటమ్మా’ అన్నాడు. ఉప్పునీళ్ళయ్యా అన్నాను. ఇక మాట్లాళ్ళేదు, పిచ్చిదాన్ని చూసినట్టు చూశాడు.”

“చూడడూ మరి. పటమటలో ఇంట్లో సముద్రం పెంచుకునేవాళ్ళు ఇంకెవరున్నారు?”

“సముద్రాన్ని కాదు. మా ఆయన తెచ్చిన జీవిని.”

“అది బతికే ఉందా?”

“ఉంది.”

“నిజంగా ఉందా?”

“ఉందంటున్నాగా. బకెట్లో బురద మీద మూడు చిల్లులూ తెరుచుకునే ఉన్నాయి. అటూ ఇటూ రెండిట్లోంచి నీళ్ళు పీల్చుకుంటుంది, నడిమిదాన్లోంచి వదుల్తుంది. నువ్వు నింపిన నీళ్ళే.”

“గట్టి ప్రాణం. మా గుల్లలైతే పూట తిరక్కుండా కంపు కొడతాయి.”

“గుల్ల కాదని నీకు ఎన్నిసార్లు చెప్పాడు బాబాయ్? గుల్లకి చిప్పలు కుడీ ఎడమా. దీనికి పైనా కిందా. వెనక కాడ ఉంటుంది, తోటకూర కాడలాగ మెత్తగా. దాంతో బొరియ అడుగున పట్టు దొరకబుచ్చుకుంటుంది. భయమేస్తే పైకి రాదు, కాడ ముడుచుకుని లోపలికి జారిపోతుంది.”

“అచ్చం సారు చెప్పినట్టే చెప్తున్నారు.”

“బొమ్మలన్నీ వేసింది నేనేగా. లోపల మేత పట్టుకోడానికి జడకుచ్చుల్లాంటివి ఉంటాయి, రెండు వైపులా చుట్టలు తిరిగి. ఒక్కో పోగూ గియ్యలేక వేళ్ళు లాగేసేవి. బాగా రాలేదని ఆయన మళ్ళీ గీయించేవాడు.”

“ఏదో పేరు చెప్పేవాడు. పెద్దింట్లమ్మకి నోరు తిరక్క బాకీపాడు అనేది.”

“బ్రాకియోపాడ్. అది వంశం పేరు. దీని సొంత పేరు లింగ్యులా. చిన్న నాలుక అని అర్థం అట. పేరుకి నాలుకే గానీ ఒక్క మాట చెప్పదు.”

“యాభై కోట్ల ఏళ్ళ నించీ మారలేదంటగా.”

“ఆ మాటంటే ఆయనకి కోపం. చిప్ప చూసి మారలేదంటున్నారు, చిప్ప విప్పి చూసినవాడేడీ అనేవాడు. పైకి ఆకారం అదే, లోపల మాత్రం చాలా మారింది అనేవాడు. ఆ సంగతి తేల్చాలనే కాలేజీకి సెలవొస్తే చాలు, వచ్చి నీ బురదలో పడేవాడు.”

“అడుసు తొక్కనేల, కాలు కడగనేల అంటారు. ఆయన అడుసు తొక్కడానికే పుట్టాడు. నా బురదలో నేనేమన్నా దాచుకున్నానా, తవ్వుకోమన్నా.”

“దాచుకున్నావేమో.”

“ఈ వల చూడండి, పీత ఎట్టా కొరికి పెట్టిందో.”

“బాబాయ్.”

“మీ అత్తగారు బాగున్నారా?”

“బాగానే ఉంది. కర్మ చేయించమంటోంది. మైలవరం నించి మా మరిదిని పంపింది. శవం లేకపోయినా దర్భలతో బొమ్మ చేసి కానియ్యొచ్చట. నేను వద్దన్నాను.”

“ఎందుకమ్మా?”

“పోయాడని ఎవరు చెప్పారు నాకు? పోలీసులూ, కాలేజీవాళ్ళూ, మీ ఊరివాళ్ళూ అందరిదీ ఒకటే మాట, కనపళ్ళేదని. రెండేళ్ళు దాటింది. కనపడకపోవడమూ పోవడమూ ఒకటేనా? చూసినవాళ్ళు ఒక్కరు చెప్పాలి. ఒక్కరు చెప్తే చాలు, బొట్టు తీసేసి ఒక మూల కూర్చుని ఏడుస్తాను. అది కూడా లేదు నాకు.”

“అట్టా అనకండి.”

“అయితే నీళ్ళు నింపు.”

“అటు దిగలేనమ్మా. అదీ అసలు సంగతి. పాటు తీసి, నీళ్ళు వెనక్కి పోయి నేల బయటపడ్డప్పుడు అటు ఎవరూ దిగట్లేదు. ఊళ్ళో ఆడాళ్ళు పీతలకి కూడా పోవట్లేదు.”

“ఎందుకని?”

“పిలుస్తాడు.”

“ఎవరు?”

“గాలంటది పెద్దింట్లమ్మ. గాలేలే. తోపులో గాలి. గాలంటూనే రోజూ ఇంత ముద్ద తీసి ఆ గట్టు మీద పెట్టొస్తది.”

“గాలి ఏమని పిలుస్తుంది బాబాయ్?”

“పాటు బాబాయ్, పాటు, అని.”

“ఆయనకి పోటేదో పాటేదో ఎప్పుడు తెలిసింది గనక. మైలవరం మెట్టలో పుట్టి, చెరువు తప్ప ఎరగడు.”

“నేనే నేర్పా. పోటు పొడుచుకొస్తది, పాటు పడుకుంటది, అట్టా గుర్తెట్టుకో సారూ అని. చిలక్కి చెప్పినట్టు చెప్పినా తిరగేసేవాడు. ఒకసారి పాటనుకుని పోటులో దిగి, నడుం లోతుకొచ్చాక బేసిను నెత్తిన బోర్లించుకుని వచ్చాడు. నవ్వలేక చచ్చాం.”

“ఆ రోజు కూడా తిరగేశాడా?”

“ఏ రోజు?”

“ఏ రోజో నీకు తెలుసు.”

“ఆ రోజు నేను ఒడ్డున లేనన్నాగా. బందరు పోయా.”

“ఆదివారం పూట, క్రిస్మస్ మర్నాడు. ఎందుకు పోయావు?”

“మందులకి.”

“మొన్న నూలుకన్నావు.”

“నూలుకీ, మందులకీ... అమ్మా, నన్ను అడగొద్దు. మొదటిసారి ఈ క్యాన్లు పట్టుకొచ్చినప్పుడు ఈ పడవ పక్కనే నిలబడి మీరు ఓ మాటన్నారు. ఆ జీవి బతికున్నన్నాళ్ళూ ఆయనున్నట్టే బాబాయ్ అన్నారు. అంత మాటన్న మనిషికి నేనెట్టా చెప్పేది?”

“ఏం చెప్పేది?”

“ఏం లేదు.”

“ఏం చెప్పేది బాబాయ్?”

“తిరగెయ్యలేదు. ఆ ఒక్కనాడే సరిగ్గా అన్నాడు.”

“చెప్పు.”

“మొదట నీళ్ళు పడవల దాకా వచ్చాయి, మోకాటి లోతు. అందరం తోపులోకి పరిగెత్తాం. సారు చెయ్యి పట్టుకుని నేనే లాక్కొచ్చా. ఆ తర్వాత సముద్రం వెనక్కి పోయింది. పోతానే ఉంది. మా తాతలు కూడా చూడని నేల బయటపడ్డది. నేలంతా ఆ చిల్లులే. ఆయన ఒక్క గుంజు గుంజుకుని, బేసిను తీసుకుని దిగిపోయాడు.”

“పిలవలేదా నువ్వు?”

“పిలిచా. పోటు సారూ, పోటు, అని గొంతు చించుకున్నా. సునామీ అనే పేరు అప్పటికి మాకు తెలీదు, నోటికి అదే వచ్చింది. ఆయన వెనక్కి తిరిగి నవ్వాడు. ‘పాటు బాబాయ్, పాటు. ఇవాళ నువ్వే తిరగేశావు’ అన్నాడు. కంటికి పాటేగా మరి. పోయి గొంతుక్కూర్చున్నాడు. కాసేపు బురదకేసే చూశాడు, ఉన్నట్టుండి తలెత్తి ఆకాశం చూశాడు, మబ్బు పట్టిందా అన్నట్టు.”

“మూసుకుని ఉంటాయి.”

“ఏంటమ్మా?”

“చిల్లులు. నీడ పడినా నేల అదిరినా అన్నీ ఒక్కసారే మూసుకుంటాయి. నీడెక్కడిదా అని చూసుంటాడు.”

“అంతే తల్లీ. అప్పుడు వచ్చింది. ఆ తర్వాత ఆయన లేడు. నేను చూశాను. పోయాడు. ఇలా తేండి ఆ క్యాన్లు, నడుమూ లేదు మోకాలూ లేదు, నేనే దిగి నింపుకొస్తా. ఆ జీవినన్నా ఉండనివ్వండి. నా మాట విని దాన్ని ఎండగట్టకండి.”

“కూర్చో బాబాయ్. అది ఆయన కనపడకుండా పోయిన నెల్లోనే, నేను ఈ క్యాన్లు తేకముందే పోయింది, కాడ కుళ్ళి చిప్ప పైకి తేలింది. నువ్వు నింపిన నీళ్ళన్నీ పటమట తిరిగెళ్ళి బందరు కాలవలో పారబోశాను. నేను నీళ్ళ కోసం ఏనాడూ రాలేదు, నువ్వు ఈ మాట చెప్తావనే వస్తున్నాను.”